నిలబడి ముసలిదైన బండి

"ఎన్ని మైళ్ళు తిరిగింది?"

డాలస్‌లో మా తెలుగు స్నేహితుల మధ్య సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ మాట వస్తే మొదట వినపడే ప్రశ్న ఇదే. క్యామ్రీలూ ఒడిస్సీలూ కొని, అమ్మి ఆరితేరినవాళ్ళం. ఓడోమీటరు చూస్తే బండి జాతకమంతా తెలిసిపోతుందని మన నమ్మకం. పదిహేనేళ్ళ కిందటి నలభై అడుగుల డీజిల్ కోచ్, కొత్తలో 3 లక్షల డాలర్లు పలికిన బండి ఇప్పుడు లక్ష లోపే వస్తుందంటారు. పైగా 22 వేల మైళ్ళే తిరిగిందంటారు. నోరూరదా మరి?

ఊరుతుంది కానీ ముందు ఒక చిన్న లెక్క చూసుకోవాలి. పదిహేనేళ్ళకు 22 వేల మైళ్ళంటే ఏడాదికి పదిహేను వందలు కూడా కావు. రెండు ప్రయాణాలు, మహా అయితే మూడు. మిగిలిన పది పదకొండు నెలలూ ఆ బండి ఎక్కడుంది? షెడ్డులోనా, ఎండలోనా? టైర్ల కింద మట్టి ఉందా, సిమెంటు ఉందా? చలికాలంలో పైపుల్లో నీళ్ళు తీసేసినవాడెవరు? మైళ్ళ ప్రశ్న అడిగేవాళ్ళు ఇవేవీ అడగరు.

మోటర్‌హోమ్ అంటే లారీ మీద కట్టిన ఇల్లు. లారీ తిరిగితే అరుగుతుంది. ఇంటి సంగతి వేరు, దీపం పెట్టేవాళ్ళు లేకపోతే పాడుబడుతుంది. ఈ రెండూ ఒకే బండిలో ఉండటం వల్ల, తక్కువ తిరిగిందని మెచ్చుకునే బండి నిలబడే ముసలిదై ఉండవచ్చు. లగ్జరీ బండ్లలో ఇది మరీ ఎక్కువ. వాటి యజమానులకు డబ్బుంటుంది, తీరిక ఉండదు.

ఏది లగ్జరీ అన్నది ముందు తేల్చుకుందాం. అమెరికాలో మోటర్‌హోములు మూడు రకాలు. వ్యాన్‌లో ఇమిడిపోయేది క్లాస్ బి. డ్రైవరు నెత్తి మీదికి మంచం ముందుకు పొడుచుకొచ్చేది క్లాస్ సి. బస్సులా నిటారు ముఖంతో ఉండేది క్లాస్ ఎ. క్లాస్ ఎ లోనూ పెట్రోలు ఇంజను ముందు భాగంలో, ఎక్కువగా ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్ మీద, ఉండేవి ఒక మెట్టు కింద. డీజిల్ ఇంజను వెనక ఉండి బండిని తోసేవి, అంటే డీజిల్ పుషర్లు, ఒక మెట్టు పైన. ఎయిర్ బ్రేకులు, ఎయిర్ సస్పెన్షన్, గ్రానైటు గట్టు, పలకల నేల, ఉతికే మిషను ఎక్కువగా వీటిలోనే కనిపిస్తాయి. ఈ మెట్ల పైన కూర్చునేవి ప్రెవో బస్సులు. కెనడాలోని క్యూబెక్‌లో తయారైన బస్సు డొల్ల తీసుకుని ఆరెగాన్‌లోని మారథాన్ లాంటి కంపెనీలు లోపల ఇల్లు కడతాయి. ఒక్లహోమాలోని మయామి అనే చిన్న ఊళ్ళో న్యూయెల్ కంపెనీ చాసిస్ కూడా తానే చేసుకుంటుంది.

మిగిలిన డీజిల్ పుషర్లలో పని పంచుకోవడమే ఎక్కువ. చాసిస్ సౌత్ కరోలినాలో ఫ్రైట్‌లైనర్‌దో, మిషిగన్‌లో స్పార్టన్‌దో. ఇంజను ఎక్కువగా కమిన్స్, గేరుబాక్సు ఆలిసన్. ఇల్లు కట్టేది అలబామా రెడ్ బేలోని టిఫిన్, ఇండియానా నప్పనీలోని న్యూమార్ లాంటివాళ్ళు. ఫ్రిజ్, జెనరేటర్, జరిగే గదుల యంత్రాలు ఇంకెవరివో. ఒక్క బండికి నలుగురైదుగురు మేస్త్రులు. ఏదైనా పాడైతే ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపించడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. పాత బండిలో ఆ వేలు చూపించడానికి కూడా ఎవరూ ఉండకపోవచ్చు. 2009 మాంద్యంలో మొనాకో, ఫ్లీట్‌వుడ్, కంట్రీ కోచ్ దివాలా తీశాయి. పేర్లు చేతులు మారి కొన్ని మళ్ళీ బతికాయి గానీ, అప్పటి బండ్లకు ముందు అద్దం, డోరు, కంట్రోల్ బోర్డు దొరకడం గగనం. అయినా ఆ కాలపు మొనాకోలనూ కంట్రీ కోచ్‌లనూ వెతికి మరీ కొనేవాళ్ళున్నారు. వాటి చెక్కపని చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఇక పరీక్ష దగ్గరికి వద్దాం. ఏది ముందు చూడాలన్న విషయంలో పరీక్షలు చేసేవాళ్ళలో రెండు బడులున్నాయి. లారీ మెకానిక్కులు ఇంజను అంటారు, ఇన్‌స్పెక్టర్లు నీళ్ళు అంటారు. నేను నీళ్ళ బడి వాణ్ణి. ఇంజను పాడైతే డబ్బు పోతుంది, బాగుచేసుకోవచ్చు. గోడలోకి నీళ్ళు దిగితే డబ్బు పోయినా బాగుకాదు.

చాలా కోచ్‌ల గోడ ఎలా ఉంటుందంటే, బయట ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక పల్చటి ప్లైవుడ్, మధ్యలో ఫోము, ఇటు మళ్ళీ ప్లైవుడ్. అన్నీ జిగురుతో అతికించినవే. కప్పు అంచునో, కిటికీ చట్రం దగ్గరో, పై దీపం స్క్రూ సందునో చుక్క చుక్కగా నీళ్ళు దిగితే ప్లైవుడ్ నాని జిగురు వదిలేస్తుంది. బయటి రేకు బుడగలా ఉబ్బుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఇది కనపడదు. పొద్దు వాలే వేళ బండి మూల దగ్గర గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి పొడుగునా చూడాలి. ఏటవాలు ఎండలో అలలు తేలతాయి. అమ్మేవాడు మధ్యాహ్నం రమ్మంటే సాయంత్రం వస్తానని చెప్పండి.

తర్వాత నిచ్చెన వేసుకుని కప్పెక్కాలి. రబ్బరు కప్పయినా ఫైబర్‌గ్లాస్ అయినా, ఏసీల చుట్టూ, గాలిగొట్టాల చుట్టూ పూసిన సీలెంటు పగుళ్ళు బారి ఉంటే గత కొన్నేళ్ళలో ఎవరూ పైకెక్కలేదని అర్థం. మరీ తెల్లగా, తాజాగా పూసి ఉంటే అనుమానం ఇంకా పెరగాలి. లోపలికి వచ్చి పడకగది పై అల్మరాలు తెరిచి మూలల్లో బొటనవేలితో నొక్కాలి. మెత్తబడితే ఇక బేరం అవసరం లేదు. తేమ కొలిచే మీటరు నలభై యాభై డాలర్లకు దొరుకుతుంది. లక్ష డాలర్ల వస్తువు కొనేవాడు అది కొనడానికి వెనకాడటం నేను చూశాను, అదో వింత. బట్టల అల్మరాలో పరిమళం గుబాళిస్తే సంతోషించకండి, ముక్కిపోయిన వాసనను దాచడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు.

స్లైడ్లు, అంటే బండి ఆగాక బయటికి జరిగి గదిని వెడల్పు చేసే గోడలు, లగ్జరీ కోచ్‌లో మూడు నాలుగు ఉంటాయి. ప్రతి స్లైడూ గోడకు కోసిన ఒక పెద్ద రంధ్రమే. వాటి రబ్బరు అంచులు ఎండకు బిరుసెక్కితే వాన నీళ్ళు నేల కిందికి చేరతాయి. స్లైడును బయటికి జరిపించి, దాని నేల అంచును కింది నుంచి చేత్తో తడిమి చూడాలి. రెండు సార్లు జరిపించండి. మొదటిసారి మొండికేసి రెండోసారి సాఫీగా జరిగితే ఏడాదిగా కదల్లేదన్నమాట. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నీళ్ళు దిగిన కోచ్ కొన్నవాడికి తెలుస్తుంది.

మా తాత తరం సంతలో ఎద్దును కొనేటప్పుడు ముందు పళ్ళు పట్టి చూసేవాళ్ళు, అమ్మేవాడు చెప్పిన వయసు వినేవాళ్ళు కాదు. ఈ బండికి పళ్ళు టైర్ల మీదుంటాయి. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు పుట్టిన వారం, సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో ఇరవై మూడో వారం. ఆ అంకెలు కొన్నిసార్లు లోపలి వైపు ఉంటాయి, టార్చి పట్టుకుని కిందికి దూరక తప్పదు. మోటర్‌హోమ్ టైరు అరిగి చావడం అరుదు. గాడులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి, లోపల రబ్బరు ఎండిపోయి ఉంటుంది. ఏడేళ్ళు దాటితే మార్చేయమంటారు చాలామంది, పదేళ్ళు దాటితే అందరూ మార్చమనే అంటారు. ఆరు టైర్లు మార్చాలంటే సుమారు నాలుగైదు వేల డాలర్లవుతుంది, వెనక అదనపు ఇరుసు ఉంటే ఎనిమిది మార్చాలి.

ఇది కేవలం పిసినారితనం లెక్క కాదు. గుడ్‌ఇయర్ కంపెనీ 1996 నుంచి 2003 దాకా జి159 అనే టైరు తయారు చేసింది. ఊళ్ళో సరుకులు పంచే లారీలకు సరిపోయే టైరది. దాన్నే మోటర్‌హోములకు తొడిగారు. హైవే మీద గంటల తరబడి వేగంగా పోతుంటే అవి వేడెక్కి విచ్చిపోతున్నాయని దావాలు పడ్డాయి. రాజీలు జరిగాయి, కాగితాలు కోర్టు సీళ్ళ వెనక ఉండిపోయాయి. 2003లో బండి బోల్తాపడిన ఒక కుటుంబం వేసిన దావా రాజీతోనే ముగిసినా, వేడి పరీక్షల వివరాలను కంపెనీ దాచిందన్న గొడవ మీద 2017లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కింది కోర్టు కంపెనీని కట్టమన్న 27 లక్షల డాలర్ల లెక్క సరికాదని, దాచడం వల్ల అయిన ఖర్చు మాత్రమే రాబట్టవచ్చని సుప్రీంకోర్టు తిప్పి పంపింది. టైరులో లోపం లేదని కంపెనీ వాదిస్తూనే, చివరికి 2022లో రీకాల్ చేసింది. టైరు చేయడం ఆపిన పంతొమ్మిదేళ్ళ తర్వాత! ఆ రీకాల్‌కు అర్థం ఉందంటే కారణం ఒక్కటే. మోటర్‌హోముల మీద రెండు దశాబ్దాల నాటి టైర్లు ఇంకా కనిపించే అవకాశం ఉంది.

ఇంజను విషయంలో నాకు భయం తక్కువ. కమిన్స్ డీజిల్ ఇంజను లారీల్లో లక్షల మైళ్ళు లాగుతుంది, కోచ్‌లో దాని ఆయువులో పావు వంతు కూడా ఎవరూ వాడరు. అయినా మూడు సంగతులు పట్టించుకోవాలి. మొదటిది, మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారంటే చల్లటి ఇంజను చెప్పే కబుర్లేవో మీ చెవిన పడకూడదనుకున్నారేమో. రెండోది, ఇంజను ఆయిల్, కూలెంట్, గేరుబాక్సు ఆయిల్ నమూనాలు తీసి ల్యాబుకు పంపాలి. మనకు రక్తపరీక్ష ఎలాగో బండికి అది అలాగ. ఆయిల్‌లో సిలికాన్ ఎక్కువుంటే ఫిల్టరు దాటి దుమ్ము పోయింది, సోడియం, పొటాషియం కనపడితే కూలెంట్ కారుతోందని అనుమానించాలి. నిన్ననే ఆయిల్ మార్చామని అమ్మేవాడు గర్వంగా చెబితే మాత్రం ఆ పరీక్షకు విలువ లేదు. మూడోది, రేడియేటరు వెనక ఉన్న బండ్లలో ఇంజను గాలిగొట్టం నుంచి వచ్చే నూనె ఆవిరి ఫ్యానులోకి పోయి, దుమ్ముతో కలిసి రేడియేటరు మీద జిడ్డు పొరలా పేరుకుంటుంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కడానికి అది చాలు. మంచం కింది మూత తీసి చూస్తే కనపడుతుంది.

ఎయిర్ బ్రేకుల పరీక్ష సులువైనది, ఉచితమైనది, అయినా కొనేవాళ్ళు వదిలేసేది. గాలి నిండుగా ఎక్కాక ఇంజను ఆపి, బ్రేకు వదిలి ఉంచితే నిమిషానికి రెండు పీఎస్ఐ మించి దిగకూడదు, బ్రేకు తొక్కి పట్టుకుంటే మూడు. లారీ డ్రైవరు లైసెన్సుకు అడిగే కొలతే ఇది. చదునైన నేల మీద, చక్రాలకు అడ్డాలు పెట్టి చేయండి.

జెనరేటర్ దగ్గర మైళ్ళ భ్రమ మళ్ళీ పలకరిస్తుంది. "పదిహేనేళ్ళకు 180 గంటలే ఆడింది సార్" అని మురిసిపోతూ చెబుతారు. జెనరేటర్‌ను నెలకోసారైనా లోడు పెట్టి గంటా రెండు గంటలు ఆడించాలి. లేకపోతే ఇంధనం జిగటబడుతుంది, తీగచుట్టలకు తేమ పడుతుంది. నా మటుకు 180 గంటల జెనరేటర్ కంటే 1,200 గంటలది నయం. రెండు ఏసీలూ వేసి అరగంట ఆడించి చూడాలి.

ఇంటి సామాన్లలో ఫ్రిజ్‌ను ఆషామాషీగా తీసుకోవద్దు. పాత కోచ్‌లలో కంప్రెసరు లేని ఫ్రిజ్‌లుంటాయి. గ్యాసుమంటతోనో కరెంటు వేడితోనో అమ్మోనియాను మరిగించి చల్లదనం పుట్టిస్తాయి. ఆ గొట్టంలో అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్, తుప్పు పట్టకుండా సోడియం క్రోమేటు ఉంటాయి. బండి ఒరిగి నిలబడి ఉండగా ఎక్కువకాలం వాడితే గొట్టం దెబ్బతింటుంది. బయటి మూత తీసినప్పుడు పసుపు పొడి రాలి ఉంటే కథ ముగిసినట్టే. డొమెటిక్, నార్కోల్డ్ కంపెనీల ఇలాంటి ఫ్రిజ్‌లు 2006, 2010 ప్రాంతాల్లో నిప్పు ప్రమాదం వల్ల రీకాల్ అయ్యాయి. ఆ మరమ్మతు జరిగిందో లేదో కాగితం అడగాలి. ఇది చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందు రోజే ఆన్ చేసి ఉంచమని చెప్పాలి. చాలామంది ఈ గొడవ పడలేక తీసేసి ఇంట్లో వాడే ఫ్రిజ్ బిగించుకున్నారు. అప్పుడు బ్యాటరీల వయసు అడగాలి. పైతరగతి కోచ్‌లలో డీజిల్‌తో నీళ్ళు కాచి ఇల్లంతా వెచ్చబరిచే ఆక్వా-హాట్ ఉంటుంది. పనిచేస్తే దాని సుఖమే వేరు, దాని బాయిలరు పోతే ఖర్చు వేలల్లోనే.

బరువు గురించి ఒక్క మాట. గ్రానైటు, పలకలు, నాలుగు స్లైడ్లు మోసే బండికి ఇంకేమైనా మోసే ఓపిక మిగిలిందా అన్నది లోపల అతికించిన చీటీలో ఉంటుంది. వంద గ్యాలన్ల నీళ్ళే 834 పౌండ్లు. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కి, పచ్చడి జాడీలు, బియ్యం బస్తా ఎక్కించి లెక్క చూస్తే కొన్ని ఖరీదైన బండ్లు అప్పటికే హద్దు దాటి ఉంటాయి. పైన పటారం, లోన లొటారం. లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. టెక్సస్‌లో 26 వేల పౌండ్ల హద్దు దాటిన బండికి సొంత వాడకమే అయినా క్లాస్ బి లైసెన్సు కావాలి. కాలిఫోర్నియాలో నలభై అడుగులు దాటితే కావాలి. మావాళ్ళలో ఈ సంగతి తెలియక బండి కొని, వాకిట్లో పెట్టుకుని, లైసెన్సు పరీక్షకు చదువుకుంటున్నవాళ్ళున్నారు.

ఇవన్నీ మనమే చూడగలమా? సగం చూడగలం. మిగతా సగానికి మోటర్‌హోమ్ ఇన్‌స్పెక్టర్ల జాతీయ సంఘం సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి పెట్టుకోవాలి. పెద్ద డీజిల్ కోచ్ పూర్తి పరీక్షకు, నూనెల పరీక్షలతో కలిపితే, వెయ్యి డాలర్లు దాటుతుంది. ఒక రోజంతా పడుతుంది. అమ్మేవాడు చెప్పినవాణ్ణి పెట్టుకోవడమంటే పెళ్ళికొడుకు గురించి పెళ్ళికొడుకు మేనమామనే వాకబు చేయడం. డీలరు దగ్గర కొంటే భద్రమన్న మాట కూడా నేను నమ్మను. వాడిన బండి అక్కడా "ఉన్నది ఉన్నట్టుగా" అన్న కాగితం మీదే చేతులు మారుతుంది. లోపమున్న బండి కొన్నవాణ్ణి కాపాడే లెమన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో కొత్త బండ్లకే పరిమితం. డీలరు అంటగట్టే సర్వీసు కాంట్రాక్టుల విషయంలో అభిప్రాయాలు చీలిపోయాయి. ఒక్క పెద్ద మరమ్మతుతో గిట్టిందనేవాళ్ళూ ఉన్నారు, "అరుగుదల" అన్న ఒక్క మాటతో అడిగిందల్లా తోసిపుచ్చారనేవాళ్ళూ ఉన్నారు. నేనైతే ఆ డబ్బును విడిగా బ్యాంకులో వేసుకుంటాను. ముందటి యజమానితో నేరుగా మాట్లాడగలగడం మాత్రం ప్రైవేటు అమ్మకంలో దొరికే భాగ్యం. ఏ నెలలో ఏం మార్చాడో రాసుకున్న నోటుపుస్తకం తీసి చూపిస్తే, రంగు వెలిసిన బండయినా నేను ఆగి వింటాను.

కాగితాల్లో టైటిల్ చూడాలి, రాష్ట్రాలు ఎన్ని మారిందో చూడాలి. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను, 2022లో ఇయన్ ఫ్లారిడాను ముంచాయి. అలా మునిగిన బండి మరో రాష్ట్రంలో మచ్చలేని టైటిల్‌తో తేలడం కొత్త కాదు. మాంటానాలో అమ్మకపు పన్ను లేదు కాబట్టి అక్కడ ఒక కంపెనీ పెట్టి దాని పేర బండి రిజిస్టరు చేయించేవాళ్ళున్నారు. సొంత రాష్ట్రాల పన్ను అధికారులకు ఆ చిట్కా ఎప్పుడో తెలిసిపోయింది. పడక, వంట, మరుగుదొడ్డి ఉంటే రెండో ఇల్లుగా లెక్కించి వడ్డీకి పన్ను మినహాయింపు అడగవచ్చన్నది నిజమే. ఆ ఆశతో ఇరవై ఏళ్ళ అప్పు తీసుకుంటే, అప్పు సగం తీరేసరికి బండి విలువ దానికంటే కిందికి దిగి ఉంటుంది. పదేళ్ళు దాటిన బండ్లను రానివ్వని ఖరీదైన పార్కులూ ఉన్నాయి, ఫొటో పంపమని ముందే అడుగుతారు.

బేరానికి ఇది మంచి కాలమే. కోవిడ్ రోజుల్లో విమానం ఎక్కలేక అందరూ వీటి మీద పడ్డారు. 2021లో ట్రైలర్లతో కలిపి 6 లక్షల పైచిలుకు ఆర్‌వీలు, అంటే ఇంటిబండ్లు, ఫ్యాక్టరీలు దాటాయి. 2023కి ఆ లెక్క దాదాపు సగానికి పడిపోయింది. ఆ హడావిడిలో కట్టిన బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సంతకు వస్తున్నాయి. వాటిని చూసేటప్పుడు బిగించని స్క్రూలు, వంకర తలుపులు ఎక్కువ కనపడితే ఆశ్చర్యపోకండి. అదే సొమ్ముకు కొత్త నాసిరకమా, పాత పైరకమా అంటే నా ఓటు పాత పైరకానికే. ఒక్క షరతు, దాన్ని ఎవరో ఒకరు తిప్పుతూ వచ్చి ఉండాలి. ఏడాదికి ఐదారు వేల మైళ్ళు తిరిగి, టైర్లు రెండుసార్లు మారి, జెనరేటర్ కూతపెడుతూ ఉన్న బండి ఓడోమీటరు చూసి మావాళ్ళు పెదవి విరుస్తారు. విరవనివ్వండి, మీకు పోటీ తగ్గుతుంది.

మనవాళ్ళకు ఈ కోరిక కలిగేది చాలావరకు వేసవిలో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు. ఎల్లోస్టోన్ చూపించాలి, అమ్మకు మోకాళ్ళ నొప్పి, నాన్నగారికి గంటకోసారి బాత్‌రూమ్, ఇద్దరికీ పప్పన్నం. బండే ఇల్లయితే ఎంత బావుండు! ఆ మాటకొస్తే బండిని ఇల్లు చేసుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యాన్‌ను చైతన్యరథం చేసుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే అందులోనే తింటూ, నిద్రపోతూ ఆంధ్రదేశమంతా తిరిగాడు. ఆ బండి నిలబడి ముసలిదయ్యే ప్రమాదమే లేదు. మూడు వారాల ప్రయాణం కోసమే అయితే అద్దెకు తీసుకోండి. నాలుగో వారం కూడా దిగాలనిపించకపోతే అప్పుడు కొనే మాట.

కొనాలని నిశ్చయించుకున్నాక అమ్మేవాణ్ణి ఒక్క కోరిక కోరండి. అడ్వాన్సు ఇచ్చి, బండి అతని వాకిట్లోనే ఉండగా ఒక రాత్రి అందులో పడుకుంటామని అడగండి. చాలామంది తటపటాయిస్తారు, కొందరు ఒప్పుకుంటారు. ట్యాంకు నింపుకుని, కరెంటు తీగ పీకేసి, బ్యాటరీల మీద పడుకోండి. నడిరాత్రి ఇల్లంతా సద్దుమణిగాక, ఎవరూ కొళాయి తిప్పకుండానే నేల కింద నీళ్ళ పంపు గుర్రుమని రెండు క్షణాలు ఆడి ఆగుతుందేమో వినండి. అరగంటకు మళ్ళీ ఆడితే లేచి టార్చి తీసుకోండి. ఎక్కడో కారుతోంది.